సుత్తి పడకముందే చూసుకోవాల్సినవి
పాత ప్రింట్లు, పురాతన వస్తువుల వేలం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా వేలం గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. ప్రింట్ల మీద ప్రశ్నలు ఎక్కువ కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: ఒక కేటలాగులో రెంబ్రాంట్ ఎచ్చింగ్ చాలా తక్కువ అంచనా ధరకి ఉంది. అదే చిత్రం ఇంకో వేలంలో ఎన్నో రెట్లు ఎక్కువ పలికింది. అంటే ఇది నకిలీ అనుకోవాలా?

జవాబు: నకిలీయే కానక్కర్లేదు. ఎచ్చింగ్ అంటే రాగిరేకు మీద గీతల్ని ఆమ్లంతో తొలిపించి, వాటిలో ఇంకు నింపి తీసే అచ్చు. రెంబ్రాంట్ 1669లో పోయాడు, ఆయన రాగిరేకులు మాత్రం మిగిలాయి. వాటిలో చాలా రేకులు 18వ శతాబ్దం చివర్లో పారిస్ వ్యాపారి పియర్ ఫ్రాన్స్వా బసాన్ చేతికొచ్చాయి. అరిగిన గీతల్ని మళ్లీ చెక్కించి ఆయన అచ్చు వేసి అమ్మాడు. ఆయన తర్వాతివాళ్లూ ఆ పని మానలేదు, 20వ శతాబ్దం మొదట్లో కూడా వాటి మీద కాపీలు తీశారు. ఇవన్నీ అసలు రేకు మీంచి వచ్చినవే కాబట్టి, ‘రెంబ్రాంట్ ఎచ్చింగ్’ అని రాసిన కేటలాగు అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ కళాకారుడు బతికుండగా తీసిన కాపీకీ, నూటయాభై ఏళ్ల తర్వాత తీసినదానికీ ధరలో పొంతనే ఉండదు.

తేడా గీతలోనే కనిపిస్తుంది. డ్రైపాయింట్ పద్ధతిలో సూది రాగిని చీల్చినప్పుడు గీత పక్కన సన్నని గరుకు అంచు లేస్తుంది. ముఖమల్ లాంటి మెత్తటి నలుపు వచ్చేది దానివల్లే. ప్రెస్సు ఒత్తిడికి ఆ అంచు కొన్ని పదుల కాపీల్లోనే అణిగిపోతుంది. తర్వాత నీడలున్న చోట సన్నగీతలు మాయమై తెల్లటి ఖాళీలు పడతాయి. మళ్లీ చెక్కిన రేకైతే నలుపు ఉంటుంది గానీ బిరుసుగా, ఒకే మందాన ఉంటుంది. మంచి మ్యూజియం కాపీ ఫొటోని పక్కన పెట్టుకుని, ముఖం నీడలో ఒక చిన్న చదరం ఎంచుకుని గీత గీతా పోల్చండి. బొమ్మ మొత్తాన్ని చూస్తే ఏమీ తెలియదు.

కేటలాగు నుంచి రాబట్టాల్సినవి నాలుగు: రేకు ఎన్నో స్థితిలో ఉన్నప్పటి అచ్చు (రేకు మీద గీతలు మార్చిన ప్రతిసారీ అది కొత్త స్థితి), కళాకారుడి జీవితకాలపుదా కాదా, కాగితంలో నీటిగుర్తు ఉందా, ప్రామాణిక జాబితాలో సంఖ్య ఎంత. రెంబ్రాంట్‌కి న్యూ హోల్‌స్టైన్, బార్ట్ష్ అనే జాబితాల సంఖ్యలు వాడతారు. వీటిలో ఒక్కటీ ఇవ్వకుండా పెద్ద పేరు మాత్రం రాసి వదిలేశారంటే, తక్కువ అంచనాకి కారణం అక్కడే ఉంది.

అలాగని చనిపోయాక వేసిన అచ్చులన్నీ పనికిరానివని కాదు. గోయా గీసిన ‘యుద్ధ విధ్వంసాలు’ వరుస మొదటి ముద్రణే 1863లో వచ్చింది, అంటే ఆయన పోయిన 35 ఏళ్లకి. అక్కడ మంచి కాపీ అంటే ఆ 1863 కాపీయే. ఆయనదే ‘కప్రీచోస్’ సంగతి వేరు. 1799లో మొదటి ముద్రణ, ఆ తర్వాత 1937 దాకా మరో పదకొండు. పన్నెండో ముద్రణ కాపీకి మొదటిదాని ధర పెట్టి కొనేవాళ్లు ఇప్పటికీ దొరుకుతున్నారు.

ప్రశ్న: భూతద్దంతో చూసి అసలు ప్రింటో, ఫొటో అచ్చో చెప్పొచ్చంటారు. ఏం చూడాలి?

జవాబు: పది రెట్లు పెద్దగా చూపించే లూప్ చాలు. ఆఫ్‌సెట్ అచ్చయితే రంగు రంగు చుక్కలు వరుస తప్పకుండా పూలగుత్తుల్లా అమరి కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే కంటికి అందనంత సన్నగా చిలకరించిన తుంపర. రాతి మీంచి తీసిన లితోగ్రాఫ్‌లో చుక్కలు ఏ వరుసకీ లొంగవు, క్రేయాన్ గరుకు ఎక్కడికక్కడ వేరుగా ఉంటుంది. చెక్క అచ్చులో రంగు అంచున కాస్త గట్టుకట్టినట్టుంటుంది, కాగితం వెనకవైపు ఒత్తుడు తగులుతుంది.

ఎచ్చింగ్‌లో, ఎన్‌గ్రేవింగ్‌లో (రేకుని ఉలితో చెక్కి తీసే అచ్చు) ఇంకు కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తుంది. టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టి పక్కనుంచి వెలుతురు వేస్తే ఆ ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు కూడా అప్పుడే బయటపడుతుంది. అయితే ఆ ఒక్క గుర్తునే నమ్ముకోకండి. ఆఫ్‌సెట్ బొమ్మకి ఉత్త రేకుతో నొక్కుడు వేయడం పెద్ద పనేం కాదు.

అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడేది ఫొటోగ్రావ్యూర్ దగ్గర. 19వ శతాబ్దంలో ఆమాన్-డ్యురాన్ పాత ప్రింట్లని ఫొటో పద్ధతిలో రాగిరేకుల మీదికి ఎక్కించి, రెంబ్రాంట్, డ్యూరర్ బొమ్మల్ని అచ్చు వేశాడు. వాటిలో చుక్కలుండవు. ఉబ్బిన ఇంకూ ఉంటుంది, రేకు గుర్తూ ఉంటుంది. ఆయన వెనకవైపు తన ముద్ర వేశాడు, పాపం మోసం ఉద్దేశం ఆయనకి లేదు. తర్వాత చేతులు మారినప్పుడు ఆ ముద్రని గీకేసినవాళ్లున్నారు. అందుకే కాగితం వెనక ఒకచోట పలచబడి ఉంటే, కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని అక్కడ ఏముండేదో చూడండి.

అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కోండి. 1950ల నుంచి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం దాని కింద నీలంగా మెరుస్తుంది. 17వ శతాబ్దపు కాగితం అలా మెరిస్తే ఇక మాట్లాడేదేం లేదు. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోకండి.

స్కేలు కూడా మరవకండి. రేకు గుర్తు లోపలి కొలత ప్రామాణిక జాబితాలోని కొలతతో సరిపోవాలి. తడి కాగితం మీద అచ్చు వేస్తారు కాబట్టి ఆరాక కుదించుకుపోయి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అది మామూలే. సెంటీమీటరు తేడా వస్తే వేరే రేకు. జపాన్ కళాకారుడు హొకుసాయ్ చెక్క అచ్చు ‘పెద్ద కెరటం’ విషయంలోనూ ఇంతే. 1831 ప్రాంతంలో వచ్చిన ఆ బొమ్మ దాదాపు 25 ఇంటూ 37 సెంటీమీటర్ల కాగితం మీదుంటుంది. కొత్తగా చెక్కిన దిమ్మలతో తర్వాతి కాలంలో వేసినవి లెక్కలేనన్ని. పాతవాటిలో కూడా దిమ్మ అరిగేకొద్దీ శీర్షిక చుట్టూ ఉన్న పెట్టె గీత తెగిపోతూ వచ్చింది. తొలి కాపీయా, మలి కాపీయా అని చూసేవాళ్లు ముందు ఆ గీతనే వెతుకుతారు.

ప్రశ్న: పెన్సిల్ సంతకం, 23/75 అని సంఖ్య ఉంటే అసలుదేనా?

జవాబు: పెన్సిల్‌తో సంతకం పెట్టే అలవాటు 19వ శతాబ్దం చివర్లోనే పాకింది. అంతకు ముందువాళ్ల ప్రింటు మీద పెన్సిల్ సంతకం ఉందంటే అది ఎవరో పాత యజమాని రాసుకున్న పేరో, మోసమో. 23/75 అంటే 75 కాపీల్లో 23వది అని మాత్రమే. చిన్న సంఖ్యకి ఎక్కువ పెట్టనక్కర్లేదు, సంతకం పెట్టిన వరసా అచ్చు వేసిన వరసా ఒకటి కానక్కర్లేదు. ఆర్టిస్టు కాపీలు, బహుమతి కాపీలు ఆ 75కి బయట ఉంటాయి. అవెన్నో అడగండి.

సంతకం అసలుదైనా బొమ్మ అసలుది కాకపోవచ్చు. సాల్వడార్ దాలీ ఖాళీ కాగితాల మీద వేలకొద్దీ సంతకాలు పెట్టిచ్చాడు, వాటి మీద ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అచ్చు వేసుకున్నారు. దాలీ ప్రింట్ల జోలికి ప్రామాణిక జాబితా చేతిలో లేకుండా వెళ్లొద్దు. కేటలాగులో కళాకారుడి పేరు ముందు ‘ఆఫ్టర్’ అని ఉంటే, ఆయన బొమ్మ చూసి ఇంకొకరు రేకు చేశారని అర్థం. ‘బేర్స్ సిగ్నేచర్’ అంటే సంతకమైతే ఉంది, అది ఆయనదేనని మేం పూచీపడం అని అర్థం.

ప్రశ్న: సుత్తి ధర 1000 అనుకుని పాడాను. బిల్లు చూస్తే గుండె గుభేలుమంది. ఎక్కడ పెరిగింది?

జవాబు: లెక్క వేద్దాం. సుత్తి ధర, అంటే వేలందారు సుత్తి కొట్టి ఖాయం చేసిన పాట, 1000. దాని పైన వేలం సంస్థ మీ దగ్గర తీసుకునే కొనుగోలుదారు ప్రీమియం 25 శాతం, అంటే 250. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే ఇంకో 5 శాతం, 50. ఈ 300 మీద 20 శాతం పన్ను అనుకుంటే 60. మొత్తం 1360. ప్యాకింగ్, రవాణా, బీమా, వేరే దేశం నుంచైతే దిగుమతి సుంకం, కొన్ని దేశాల్లో కళాకారుడికి చెల్లించాల్సిన పునర్విక్రయ రుసుము దీని పైన. శాతాలు సంస్థని బట్టి మారతాయి, నిబంధనల పేజీలో ఉంటాయి.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. మొత్తం 1000 దాటకూడదనుకుంటే దాన్ని 1.36తో భాగించండి, 735 వస్తుంది. మీ పాట అక్కడ ఆగాలి. ఆ అంకె కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఎదుటివాడు ఒక్క మెట్టు పెంచాడని మనమూ పెంచడం మొదలైతే ఆ వేడిలో లెక్కలు గుర్తుండవు.

రాలేనివాళ్లు గరిష్ఠ పాట ముందుగా రాసివ్వొచ్చు. రెండు పాటలు సమానమైతే ముందొచ్చినదానికే ఇస్తారు, కాబట్టి త్వరగా పంపండి. మొదట్లో హాల్లో ఎవరూ చెయ్యి ఎత్తకుండానే పాట పెరుగుతుంటే ఆశ్చర్యపోకండి. రిజర్వు ధర (ఇంతకు తగ్గితే అమ్మనని అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర) దాకా అమ్మేవాడి తరఫున వేలందారే పాడటం చాలా చోట్ల నిబంధనల్లోనే ఉంటుంది. రిజర్వు సాధారణంగా కింది అంచనాకి మించదు. అమ్ముడుపోని వస్తువు గురించి వేలం అయ్యాక అడగండి, రిజర్వుకే ఇచ్చేస్తామనే సందర్భాలు తక్కువేం కాదు.

ప్రశ్న: వస్తువు ఎలా ఉందో వేలం సంస్థ రాసిచ్చే కండిషన్ రిపోర్టులో లోపాలేవీ రాయలేదు. ప్రింటు వచ్చాక చూస్తే వెనక అట్ట అతికించి ఉంది. తిరిగి ఇవ్వొచ్చా?

జవాబు: చాలా చోట్ల కుదరదు. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న షరతు మీదే అమ్ముతారు, రిపోర్టులో రాయలేదంటే లోపం లేదని అర్థం కాదు. నకిలీ అని రుజువైతే తిరిగి తీసుకునే పూచీ వేరు. కొన్ని పెద్ద సంస్థల్లో అది ఐదేళ్లు, చిన్నచోట్ల కొద్ది రోజులే. అది కూడా కేటలాగులో శీర్షికగా ఇచ్చిన మాటలకే వర్తించడం మామూలు.

అందుకే ‘బాగుందా’ అని అడక్కండి, ‘బాగుంది’ అనే జవాబొస్తుంది. ఫ్రేము విప్పి చూశారా? అంచులు కత్తిరించారా, రేకు గుర్తు నాలుగు వైపులా ఉందా? వెనక అట్టకి అతికించారా? పాత మౌంట్ (ప్రింటు చుట్టూ పెట్టే అట్ట) అంచు వెంట గోధుమరంగు చార పడిందా? టేపు మరకలు, మడతలు, పురుగు రంధ్రాలు ఉన్నాయా? ఉతికారా, బ్లీచ్ చేశారా? ఇలా విడివిడిగా రాతపూర్వకంగా అడగండి. వెనకవైపు ఫొటో, పక్క వెలుతురులో తీసిన ఫొటో కూడా కావాలనండి. గోధుమ మచ్చల్ని కన్జర్వేటర్, అంటే పాత కాగితాలు బాగుచేసే నిపుణుడు, తగ్గించగలడు. కత్తిరించేసిన అంచుని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ప్రశ్న: పాత గుండ్రటి బల్ల ఒకటి చూశాం. రెండు వందల ఏళ్లదంటున్నారు. ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు కొలత టేపుతో కొలవండి. చెక్క నారలకి అడ్డంగా కుదించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. కాబట్టి పైపొర అతికించని గట్టి పలకలతో చేసిన నిజంగా పాత గుండ్రటి బల్ల ఇప్పుడు కచ్చితమైన వృత్తం కాదు. మీటరు వ్యాసంలో ఐదు నుంచి పది మిల్లీమీటర్ల తేడా మామూలే. రెండు వైపులా కొలత ఒకటే వస్తే అనుమానించండి.

తర్వాత తిరగేసి చూడండి. పైన పలకని కాళ్లకి బిగించిన చోట లెక్కలోకి రాని పాత రంధ్రాలుంటే పైభాగం ఒక బల్లదీ కాళ్లు ఇంకోదానివీ అయ్యుండొచ్చు. వేలాల్లో ఇది మహా మామూలు. గుండ్రటి రంపం గీసిన వంపు గీతలు 18వ శతాబ్దపు చెక్క మీద ఉండకూడదు. స్క్రూ ఒకటి విప్పనిస్తే చూడండి: చేత్తో చేసిన పాత స్క్రూ కొన మొద్దుగా, తల మీద గాడి మధ్యకి కాకుండా పక్కకి ఉంటుంది. మొనదేలిన కొన 1840ల తర్వాతిది, ప్లస్ గుర్తు తల 1930లది. ఒక్క స్క్రూ మార్చి ఉంటే మరమ్మతు అనుకోవచ్చు, అన్నీ అలాగే ఉంటే కాదు. సొరుగుంటే పక్కచెక్కల జాయింట్లు చూడండి. పళ్లన్నీ ఒకే కొలతలో ఉంటే యంత్రం పని. పురుగు తొలిచిన దారి పొడవునా తెరుచుకుని పైకే కనిపిస్తుంటే, పుచ్చిన పాత చెక్కని తర్వాత కోసి వాడారన్నమాట. లేత రంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, ఇంట్లోకి తేకండి.

ప్రశ్న: పింగాణీ అడుగున ఉన్న ముద్రని బట్టి కాలం చెప్పొచ్చా?

జవాబు: కొన్నిటిని చెప్పొచ్చు. అమెరికాకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. జపాన్ సరుకు మీద ‘నిప్పాన్’ అని ఉంటే అప్పటి నుంచి 1921 దాకా, ‘జపాన్’ అని ఉంటే ఆ తర్వాత. చైనా పింగాణీ మీద రాజుల పేర్ల దగ్గర మాత్రం ఇంటిపేరు కస్తూరివారి సామెతే గతి. కాంగ్షీ చక్రవర్తి కాలంలోనే అంతకు రెండు వందల ఏళ్ల ముందటి చెంగ్హువా చక్రవర్తి ముద్ర వేసేవారు, అది గౌరవం కొద్దీ. ఇవాళ వేసేది అమ్ముకోవడానికి. ముద్ర ఆఖరున చూడండి. ముందు అడుగు వలయంలో గ్లేజు (పైన పూసిన గాజుపూత) లేని చోట మట్టి రంగు, తర్వాత బరువు, ఆపై అరుగుదల. అతుకులకి అల్ట్రావయొలెట్ టార్చే వేయండి, పూసిన చోటు మిగతా గ్లేజుతో కలవకుండా వేరేగా మెరుస్తుంది.

ప్రశ్న: కొన్న ప్రింటుని గోడకి పెట్టాలి. జాగ్రత్తలు?

జవాబు: టేపు, జిగురు, వేడి ప్రెస్సుతో అట్టకి అతికించడం, ఈ మూడూ వద్దు. ఆమ్లం లేని మౌంట్ బోర్డు, పైన రెండు చోట్ల మాత్రం గోధుమ పిండి గంజితో అంటించిన జపాన్ కాగితపు పట్టీలు, అద్దం ప్రింటుకి తగలకుండా ఎడం. అద్దం అల్ట్రావయొలెట్‌ని ఆపేది తీసుకోండి, అయినా ఎండ పడే గోడ మీద పెట్టొద్దు. మ్యూజియాలు కాగితానికి 50 లక్స్ వెలుతురు మించనివ్వవు. పాత ఫ్రేము వెనక వేలం చీటీలు, దుకాణం లేబుళ్లు, లాట్ నంబర్లు ఉంటే ఫ్రేము కట్టేవాడు చింపి పారేయకముందే ఫొటో తీసి, ఊడదీసిన చీటీలని బిల్లుతో పాటు కవర్లో దాచండి. మీరు ఎప్పుడైనా అమ్మాల్సొస్తే కేటలాగు రాసేవాడు మొదట అడిగేది అవే.