చదివింది మైక్రోబయాలజీ, చేరేది ఆసుపత్రి వ్యర్థాల విభాగంలోనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆసుపత్రుల్లో బయోమెడికల్ వేస్ట్ చూసుకునే ఉద్యోగంలో చేరతానంటోంది. ఇంత చదివి చెత్త పనికా అని ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చేరనివ్వండి సార్. మీ అమ్మాయి చూసుకోవాల్సింది చెత్తను ఎత్తేవాళ్ల ప్రాణాలను, ఆసుపత్రి పాటించాల్సిన చట్టాన్ని.

వాడిన సూదిని తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. తొందరలో ఎవరో ఎర్ర సంచిలో పడేస్తే, ఆ సంచి మోసే ఆయా చేతికి గుచ్చుకుంటుంది. హెపటైటిస్ బి అలాగే అంటుకుంటుంది. ఎర్ర సంచిలోకి వెళ్లాల్సిన సెలైన్ పైపులు, కాల్చేయాల్సిన వ్యర్థాలు వేసే పసుపు సంచిలో పడితే, రీసైకిల్ కావాల్సిన ప్లాస్టిక్ కాలి విషవాయువులు వస్తాయి. ఇది ఎందుకు ప్రమాదమో వార్డులో నర్సులకు, ఆయాలకు అర్థమయ్యేలా చెప్పాలంటే సూక్ష్మజీవుల గురించి తెలిసిన మనిషి కావాలి. మీ అమ్మాయి చదువు పనికొచ్చేది అక్కడే.

ఇక చట్టం సంగతి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పడకలు లేని క్లినిక్‌కు కూడా వర్తిస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, సంచులకు బార్‌కోడ్ వేయాలి, శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచకూడదు, ఏటా జూన్ 30లోపు నివేదిక పంపాలి. వ్యర్థాల బరువు రాసే రిజిస్టర్‌లో రోజూ ఒకే బరువు కనిపించిందంటే తూకం వేయకుండా రాసినట్టే. అలాంటిచోట సంతకం పెట్టొద్దని ఇప్పుడే చెప్పండి. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంది.

చిన్న ఆసుపత్రుల్లో దీనికి విడిగా పోస్టు ఉండదు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఉద్యోగాలు ఎక్కువగా నర్సింగ్ చదివినవాళ్లకు వెళ్తాయి. అందుకే ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల క్వాలిటీ విభాగంలో ప్రయత్నించమనండి. ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో హెల్త్‌కేర్ వేస్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఆరు నెలలు. రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ గానీ, పర్యావరణ చట్టంలో డిప్లొమా గానీ చేయవచ్చు. ముందే చేయడం దండగని నా అభిప్రాయం.

ఇంటర్వ్యూలో రెండు విషయాలు అడగమనండి: సిబ్బందికి హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయిస్తున్నారా, తప్పు కనబడితే ఎవరికి చెప్పాలి. మొదటిది నిబంధనల్లోనే ఉంది. దానికే తడబడే ఆసుపత్రిలో చేరొద్దు.