పింఛను వస్తుందని ఉద్యోగం మానకండి

ప్రశ్న: మాది రణస్థలం దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. పైడిభీమవరంలో మందుల కంపెనీ ప్యాకింగులో ఎనిమిదిన్నరేళ్లుగా చేస్తున్నాను. నాలుగేళ్లుగా ఒళ్లంతా సలుపు. రాత్రి కన్ను మూతపడదు, పొద్దున్న లేస్తే ఎవరో చితక్కొట్టినట్టు ఉంటుంది. స్కానింగులన్నీ నార్మల్ అన్నారు. చివరికి విశాఖలో డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అని తేల్చారు. జీతం 17,500, అందులో నెలకు నాలుగైదు రోజులు కోత. మా ఆయన ఆటో తోలుతారు. చీటీ 5,000, డ్వాక్రా 3,200, మందులు 4,000 కట్టాలి. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. ఉద్దానంలో ఉన్న మా పిన్నికి డయాలసిస్ అని నెలకు 10,000 పింఛను వస్తోంది. అమెరికాలో ఉన్న మా తోడికోడలి తమ్ముడు అక్కడ ఈ జబ్బుకి కూడా డబ్బులిస్తారన్నాడు. ఇక్కడ నాకు వికలాంగుల పింఛను రాదా? ఒకాయన 30,000 ఇస్తే 40 శాతం సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసేసుకుని, పింఛనుతో బతకొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ 30,000 సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 2025లో మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛన్లను డాక్టర్లతో మళ్లీ పరీక్ష చేయించారు, శాతం తగ్గినవాళ్లకి నోటీసులు వెళ్లాయి. వికలాంగులకు ఇచ్చే ప్రయోజనాన్ని మోసంతో పొందితే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. అప్పుడు ఆ బ్రోకరు ఫోన్ కూడా ఎత్తడు.

ఇక నిజంగా వస్తుందా అంటే, కష్టం. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఫైబ్రోమయాల్జియా పేరు అందులో లేదు. కాళ్లూ చేతుల వైకల్యానికి శాతం కట్టేటప్పుడు డాక్టరు ముఖ్యంగా చూసేది కీలు ఎంత వంగుతోంది, కండలో బలం ఎంతుంది అని. మీ మోకాలు పూర్తిగా వంగుతుంది, పిడికిలి బిగుస్తుంది. అలా వంచినందుకు రాత్రంతా పడే బాధ ఆ లెక్కలోకి సరిగ్గా ఎక్కదు. మీ తోడికోడలి తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. అమెరికా సోషల్ సెక్యూరిటీవాళ్లు ఈ జబ్బును ఎలా నిర్ధారించాలో 2012లో ప్రత్యేకంగా రాసుకున్నారు. అక్కడ అడిగేది ఈ మనిషి పని చేయగలదా అని. ఇక్కడ అడిగేది ఎన్ని శాతం అని. ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ నా అభిప్రాయానికి పింఛను రాదు కదా.

మీకు ఈ నొప్పితో పాటు కీళ్లవాతం లాంటిది ఉండి వేళ్లు వంకర పోయినా, డిస్కు జారి కాలు పట్టు తప్పినా సంగతి వేరు. అలాంటిదేమైనా ఉంటే సచివాలయంలో సదరం (వైకల్యం శాతం తేల్చే డాక్టర్ల పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని వెళ్లండి. 40 శాతం, ఆపైన వస్తే నెలకు 6,000. కానీ ఇంకో మెలిక ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటితే పింఛనుకు అర్హత లేదు. మీ ఒక్కరి జీతమే 17,500. అంటే 6,000 కోసం 17,500 వదులుకోవాలి, అదీ వస్తే. మీ పిన్నిగారికి డయాలసిస్ కాబట్టి వేరే పద్దు కింద 10,000 ఇస్తున్నారు, దానితో పోల్చుకోకండి.

నా దగ్గరికి ఈ జబ్బుతో వచ్చిన ఒకావిడ బట్టల షాపు కవరు నిండా రిపోర్టులు తెచ్చి టేబుల్ మీద పోశారు. ఎమ్మారైలే మూడు. వాటి మధ్య నుంచి మడతపెట్టిన జీతం చీటీ జారి పడింది. నేను చదివింది దాన్నే. మీరూ మీది తీయండి. అందులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) అని, పూర్తి జీతం నెలలో అయితే 132 రూపాయలు కోసి ఉంటుంది. నాలుగేళ్లుగా కడుతూ, వాడుకోకుండా, బయట మందులకి నెలకు 4,000 పోస్తున్నారు.

ఈఎస్‌ఐలో జబ్బు సెలవుకి జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. అంతకు ముందు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకి చందా పడి ఉండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు. మీ జీతం మీద రోజుకు నాలుగొందలకు పైనే వస్తుంది, 91 రోజులూ వాడితే 36 వేలకు తగ్గదు. అయితే మొదటి రెండు రోజులకి డబ్బు రాదు. మీరు ఇవాళొకటి, వారం పోయాక ఇంకొకటి అని విడిగా మానడం వల్లే మొత్తం కోత పడుతోంది. నొప్పి తిరగబెట్టినప్పుడు ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి, డాక్టరు సర్టిఫికెట్‌తో ఒకేసారి వారం తీసుకోండి. డబ్బు అందిన ఆ సెలవు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పడకేస్తే ఆ రెండు రోజుల కోత కూడా ఉండదు. విశాఖ డాక్టరు రాసిన చీటీ జిరాక్సు అక్కడ ఇచ్చి, ఆ మందులే రాయమని అడగండి. డిస్పెన్సరీలో లేకపోతే ప్రీగాబలిన్, డులాక్సిటిన్ లాంటివి జన ఔషధి షాపులో బ్రాండు ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. బ్రాండు మార్చే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి.

పీఎఫ్ గురించి గట్టిగా చెబుతున్నాను. పీఎఫ్‌లో పెన్షన్ భాగం కూడా ఉంటుంది. ఆ పెన్షన్ సర్వీసు పదేళ్లు నిండితే 58 ఏళ్ల నుంచి బతికున్నంత కాలం పెన్షన్ వస్తుంది. తొమ్మిదిన్నర దాటితే పదిగా లెక్కేస్తారు గానీ, జీతం లేని రోజులు సర్వీసులోంచి తగ్గొచ్చు, కాబట్టి గీత మీద ఆగొద్దు. మీ పీఎఫ్ జీతం 14,000 అనుకుంటే పదేళ్లకి నెలకు 2,000. ఇదే ఉద్యోగంలో 58 దాకా ఉంటే దాదాపు 4,800 వస్తుంది. ఇప్పుడు మానేసి మొత్తం తీసేసుకుంటే అది సున్నా. ఎలాగూ సాగక మానాల్సే వస్తే, పెన్షన్ భాగాన్ని నగదుగా తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడగండి, సర్వీసు చెరిగిపోదు.

కంపెనీలో కూడా ఒక కాగితం పెట్టండి. నిలబడి డబ్బాలు ఎత్తే పని నుంచి కూర్చుని లేబుళ్లు చూసే బల్లకి మార్చమని, రాత్రి షిఫ్టు వద్దని. ప్రైవేటు కంపెనీ ఒప్పుకోవాలని లేదు, కానీ ప్యాకింగులో అలాంటి బల్లలుంటాయి, సూపర్‌వైజరుకు మనుషులు కావాలి. ఏ రోజు ఏ పని చేయలేకపోయారో చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఉండండి. డిస్పెన్సరీ డాక్టరుకీ, సూపర్‌వైజరుకీ అదే చూపించవచ్చు.

మీ అసలు చిక్కు చీటీ. మీ జబ్బు ఒక నెల ఊరుకుంటుంది, ఒక నెల పడేస్తుంది. చీటీ మాత్రం ప్రతి నెలా ఒకటే అడుగుతుంది. ఇంకా పాడి ఉండకపోతే త్వరగా పాడేసుకుని, డ్వాక్రా బాకీ ఎంతుంటే అంత తీర్చి, మిగిలింది పోస్టాఫీసు సేవింగ్స్‌లో వేయండి. కొత్త చీటీ ఎవరు ఎంత బతిమాలినా చేరకండి, వదినగారు అడిగినా సరే. యాక్సిడెంట్ పాలసీలో వైకల్యానికి డబ్బు అని ఎవరైనా అమ్మితే అది ప్రమాదానికే, ఈ నొప్పికి కాదు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా మాత్రం ఇద్దరూ తీసుకోండి, 50 ఏళ్లలోపు వాళ్లని చేర్చుకుంటారు.

ఈ వారంలో ఒక్క పని చేయండి. అమ్మాయి చేత ఫోన్‌లో మీ పీఎఫ్ వివరాలు తీయించి, మీరు చేరిన తేదీ సరిగ్గా పడిందో లేదో చూసి, పదేళ్లు నిండే నెలని క్యాలెండర్ మీద రాసి పెట్టండి.