అద్దం పైకి తిప్పిన మనిషి

అమ్మా,

ఆశీస్సులు. సౌదీ అమ్మాయి మీద నువ్వు రాసిన కథ అంది పదిహేను రోజులయింది. కథ రెండుసార్లు చదివాను. దానితో పెట్టిన ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కోపం వచ్చింది కూడా ఆ ఉత్తరం వల్లనే.

అందులో నువ్వు రాసిన మాటలు: "మా నాన్న రియాద్‌లో ఆ ఇంట్లో పందొమ్మిదేళ్లు హౌస్ డ్రైవర్. ఆ ఇంటి పాప రాత్రిపూట కారు వెనక సీట్లో ల్యాప్‌టాప్ తెరిచి బ్లాగు రాసుకునేది. ఆ వెలుతురు అద్దంలో పడితే నాన్న అద్దాన్ని పైకి తిప్పేసేవాడట." ఈ మూడు వాక్యాలు రాయగలిగిన పిల్లవు, పద్నాలుగు పేజీల కథలో ఆ మనిషికి ఎంత చోటిచ్చావు? "డ్రైవర్ కారు ఆపాడు." అంతే. పేరు లేదు, ఊరు లేదు, ముఖం లేదు. కారు ఆపి కథలోంచే దిగిపోయాడు.

భాష బాగుంది. ఆ సంగతి అక్కడితో సరి.

‘స్వేచ్ఛ’ అన్న మాట పదకొండు సార్లు వాడావు, ‘సంకెళ్లు’ ఏడుసార్లు. పంజరంలో చిలుక రెండుచోట్ల వచ్చింది. ఇప్పుడు ఏ పోటీ కథ తెరిచినా ఈ మూడూ ఉంటున్నాయి, బహుమతులూ వాటికే పోతున్నాయి. నువ్వు ఆ పంజరాన్ని చూడలేదు. ఆ అమ్మాయి కూడా పొద్దున లేచి పంజరం గురించి ఆలోచించి ఉండదు. ఆ రోజుల్లో కాలేజీకి పోవాలి, బండి కావాలి, నడపడానికి మగమనిషి కావాలి. తమ్ముణ్ని స్కూల్లో దింపి బండి తిరిగొచ్చేదాకా ఒళ్లంతా కప్పే అబాయా వేసుకుని గుమ్మంలో నిలబడాలి. పరీక్ష పదిన్నరకే అయిపోయినా బండి వచ్చేదాకా గేటు లోపలే కూర్చోవాలి. సలా, అంటే నమాజు వేళకు షాపులవాళ్లు షట్టర్ దించేస్తే మళ్లీ ఎత్తేదాకా బయట. కాఫీ షాపులో ఫ్యామిలీలకు వేరే తలుపు. ఆ తలుపు ఇవతల, ఎండలో, బండి పక్కన మీ నాన్న. ఆమె బండి కోసం, ఆయన ఆమె కోసం ఎదురుచూస్తూ పందొమ్మిదేళ్లు గడిపారు. ఈ ఎదురుచూపు రాయి. ‘స్వేచ్ఛ’ మాట ఒక్కసారి కూడా రానివ్వకు.

కథ 2007లో జరిగిందన్నావు. అందులో ఆ అమ్మాయికి శనివారం సెలవు. అప్పుడు అక్కడ సెలవు గురు, శుక్రవారాలు. శుక్ర, శనివారాలకు మారింది 2013 జూన్‌లో. స్నేహితురాళ్లతో రియాద్‌లో సినిమా హాలుకు పోయిందన్నావు. 1980ల మొదట్లో మూతపడ్డ హాళ్లు మళ్లీ తెరుచుకున్నది 2018 ఏప్రిల్‌లో. మీ నాన్నను ఒక్కమాట అడిగితే చెప్పేవాడు. ఏ గురువారం సాయంత్రం ఎక్కడెక్కడ నిలబడ్డాడో ఆయన కాళ్లు మరిచిపోవు.

అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. డ్రైవర్ ముచ్చట కథకు పనికిరాదని నీకు ఎవరో నేర్పారు. నాకూ నేర్పారు.

నేను 1988లో ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్ కీపర్‌గా సౌదీలోని దమ్మామ్ పోయాను. క్యాంపులో మా జగిత్యాల వైపు వాళ్లే నలభై మంది దాకా ఉండేవాళ్లు. శుక్రవారం వస్తే ఉత్తరాలు రాయించుకోవడానికి నా మంచం చుట్టూ చేరేవారు. చదువు రానివాళ్లు కొందరు క్యాసెట్‌లో మాట్లాడి ఇంటికి పంపేవారు. క్యాసెట్‌లో ఏడుపు వినిపిస్తుందని భయపడేవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. నేను రాయడం నేర్చుకున్నది ఆ మంచం మీదే. వాళ్లలో ఒకాయన హౌస్ డ్రైవర్. బావి పూడిక, బిడ్డ పెండ్లి, తమ్మునితో గెట్టు పంచాయితీ, అన్నీ చెప్పేవాడు. పనిచేసే ఇంటి మాట మాత్రం ఎత్తడు. అడిగితే, "వద్దు సార్. ఆ ఇంటి ఆడపిల్లలు నా ఎనుక కూసుంటరు" అనేవాడు.

1993లో తిరిగొచ్చి ఆయన మీద కథ రాశాను. ఆయన చెప్పనిదంతా నేనే కల్పించాను. వెనక సీట్లో అరబ్బు పిల్ల ఏడుస్తుంది, డ్రైవర్ ఓదారుస్తాడు. ఒక వారపత్రిక సంపాదకుడికి తెగ నచ్చింది. గల్ఫ్ కథంటే కన్నీళ్లు కారాలి, ఇంకా ఏడిపించు అన్నాడు. ఏడిపించాను. ‘అఖామా’ కొట్టేసి ‘గుర్తింపు పత్రం’ అని పెట్టాడు, ‘కఫీల్’ను ‘యజమాని’ చేశాడు, దేశం విడిచిపోయే అనుమతికి వాడే ‘ఖురూజ్’ ఉన్న వాక్యాన్ని మొత్తానికే లేపేశాడు. మన పల్లెల్లో ముసలమ్మల నోట కూడా నలిగే మాటలు ఆయనకు తెలుగు కాకుండా పోయాయి. ముప్పయ్యేళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు.

అంతకన్నా పెద్ద తప్పు నాది. ఊరి పేరు మార్చాను గాని మనిషిని మార్చలేదు. పత్రిక ఆ ఊరికి చేరింది. ఆ అరబ్బు పిల్ల ఎవరని భార్య ఆయనకు ఉత్తరం రాయించింది. ఆ తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు ఆయన మా ఇంటి ముందు నుంచే పోయాడు. తల తిప్పి చూడలేదు.

అందుకే మీ నాన్న అద్దం పైకి తిప్పాడని చదవగానే నా గుండె కలుక్కుమంది.

ఆ అద్దం ఎందుకు తిప్పాడో ఆలోచించావా? పరాయి ఆడపిల్లను చూడకూడదన్న మర్యాద కావచ్చు. కన్నబిడ్డ లాంటిది, రాసుకోనీ అనుకుని ఉండవచ్చు. లేక భయమా? 2007 మామూలు ఏడాది కాదమ్మా. జెద్దాలో ఫువాద్ అల్ ఫర్హాన్ అనే బ్లాగరు సొంత పేరుతోనే రాసేవాడు. ఆ ఏడాది డిసెంబరు 10న పట్టుకుపోయారు. ఏ నేరమో చెప్పకుండా నాలుగున్నర నెలలు ఉంచి 2008 ఏప్రిల్ 26న వదిలారు. అలాంటి రోజుల్లో మారుపేరుతో రాస్తున్న పిల్ల వెనక సీట్లో ఉంది. ముందు సీట్లో ఉన్నవాడి పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. రేపు ఎవరైనా నిలదీస్తే "నేను చూడలేదు" అని ఒట్టేసి చెప్పడానికి అద్దం తిప్పాడేమో. అప్పుడు ఆ చెయ్యి ఆమెను కాపాడిందా, తనను కాపాడుకుందా? నాకు తెలియదు. మీ నాన్నకే తెలియకపోవచ్చు. నీ కథ అక్కడుంది.

బ్లాగు సంగతి కూడా గాలిలో రాశావు. "మీట నొక్కింది, ప్రపంచం చదివింది" అన్నావు. 1999లో సౌదీ జనానికి ఇంటర్నెట్ అందినప్పుడు దేశం మొత్తానికీ ద్వారం ఒక్కటే, రియాద్‌లోని ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక సంస్థలో. ప్రతి పేజీ ఆ జల్లెడలోంచే రావాలి. వద్దనుకున్న పేజీ తెరిస్తే, దీనికి అనుమతి లేదన్న ప్రకటన వచ్చేది. పొరపాటున ఆపామనుకుంటే విన్నవించుకోండి అని ఒక దరఖాస్తు కూడా ఉండేది. నీ కథలో ఆ అమ్మాయి తను రాసిన పేజీనే తెరవబోయి ఆ ప్రకటన చూసిన రాత్రి ఉండాలి. ఏడవనక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూస్తుంది, కారులో వెలుతురు పోతుంది. ముందు సీట్లో ఆయనకు తెలిసేది అంతే. అంతవరకే రాయి.

1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది ఆడవాళ్లు కార్లు నడుపుకుంటూ ఊరేగింపుగా పోయారు. ఆ వార్త మా క్యాంపుకు డ్రైవర్ల నోటి మీదుగా వచ్చింది. పాస్‌పోర్టులు గుంజుకున్నారు, ఉద్యోగాల నుంచి పక్కన పెట్టారు. అదంతా చరిత్రకెక్కింది, ఎక్కవలసిందే. ఒక పార్కింగ్ స్థలంలో డ్రైవర్లను దింపేసి వాళ్లు స్టీరింగ్ అందుకున్నారని కూడా తర్వాత చదివాను. దిగిన ఆ డ్రైవర్లు ఆ సాయంత్రం ఏ గోడ పక్కన నిలబడ్డారో, రాత్రి కఫీల్‌కు ఏం చెప్పుకున్నారో నేను చదివిన ఏ రాతలోనూ లేదు. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాను. నీలాంటివాళ్లు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

2018 జూన్ 24, ఆదివారం. ఆడవాళ్లు బండి నడపవచ్చన్న ఆజ్ఞ అమల్లోకి వచ్చిన రోజు. ఆ హక్కు కోసం కొట్లాడిన ఆడవాళ్లు కొందరు అంతకు నెల ముందే జైల్లో పడ్డారు, లుజైన్ అల్ హత్‌లూల్ వాళ్లలో ఒకతె. ఆ రోజు మీ నాన్న ఎక్కడున్నాడు? ఆ పాప అప్పటికి పెద్దదై ఉంటుంది. తాళాలు అడిగిందా? ఆయన పక్క సీట్లో కూర్చున్నాడా? సంతోషపడ్డాడా, తన అఖామా గడువు ఎన్నాళ్లుందో లెక్క వేసుకున్నాడా? రెండూ ఒకే నిమిషంలో జరగవచ్చు. అడుగు. ఫోన్‌లో అడగకు, ఊరికి పోయి పక్కన కూర్చొని అడుగు. చెప్పనంటే వదిలెయ్యి. చెప్పనన్న మాట కూడా కథలో పెట్టు.

ఇంకొక్కటి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. పేట పేరు, బండి రంగు, ఆ పిల్ల చదివిన కాలేజీ, ఆమె మారుపేరు, అన్నీ మార్చెయ్యి. 2022లో ట్విట్టర్ రాతలకు సల్మా అల్ షెహాబ్ అనే పరిశోధక విద్యార్థినికి అప్పీలు కోర్టు 34 ఏళ్లు వేసింది. తర్వాత తగ్గించారనుకో, కానీ వేసింది. మన తెలుగు అక్కడెవరు చదువుతారులే అనుకోకు. నా కథ చేరకూడని ఒక ఇంటికి చేరింది. మీ నాన్న అన్నేళ్లు చూడకుండా కాపాడినదాన్ని నువ్వు పత్రికలో పెట్టి చూపించకూడదు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని అడిగావు. ముందు రాయి.

తిరగరాసింది పేజీకి ఒకవైపే, అక్షరాలు కొంచెం పెద్దవిగా ప్రింటు తీయించి పంపు. కుడికంటికి ఈ మధ్యే ఆపరేషన్ అయింది. మీ నాన్నకు నా నమస్కారం చెప్పు. ఆయన నడిపింది ఏ బండో, అద్దం ఏ చేత్తో తిప్పేవాడో అడిగి రాయి.

నీ మేలు కోరే
పెద్దాయన