‘నే’ అంటే అవునా, కాదా?

ప్రశ్న: ఒకే చిన్న మాట వేరే భాషలోకి వెళ్ళేసరికి అర్థం తిరగబడి మీరెప్పుడైనా ఇబ్బంది పడ్డారా? అలాంటివి ఎలా గుర్తుపెట్టుకుంటారు?

పడ్డాను. ఒక రోజు పని మొత్తం ఆగిపోయేంతగా పడ్డాను. దానికి కారణం ఒకే ఒక్క అక్షరం, ‘నే’.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. టీమ్ నాలుగైదు దేశాల్లో ఉంటుంది, స్క్రీన్ మీద తప్ప ఒకరి మొహం ఒకరం చూసుకోం. మొదటి రెండేళ్ళు బల్గేరియా వాళ్ళతో చేశాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ‘నె’ అంటే కాదు, ‘దా’ అంటే అవును అని ఎవరూ నేర్పకుండానే చెవికి పట్టేసింది. తర్వాత నన్ను గ్రీకు టీమ్‌లో వేశారు. ఒక సాయంత్రం కాల్‌లో ‘ఇవాళే రిలీజ్ చేసేద్దామా’ అని అడిగితే అవతలి ఆవిడ పక్కనున్నాయన వైపు తిరిగి గ్రీకులో ఏదో అడిగింది, ఆయన ‘నె, నె’ అన్నాడు, సరిగ్గా అప్పుడే లైన్ కట్టయింది. కాదన్నారు కదా, రేపు చూసుకుందాం అని నేను హాయిగా ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మెయిల్. రాత్రంతా ఎదురుచూశాం, ఎందుకు పంపలేదు అని. గ్రీకులో ‘నె’ అంటే అవును! ఎవర్నీ అనడానికి లేదు, ఒక్క మెసేజ్ పెట్టి అడిగుంటే సరిపోయేది, తప్పు నాదే.

పైగా గ్రీకులో కాదు అనడానికి ‘ఓహి’ అంటారు. వేగంగా అంటే కొత్త చెవికి ఓకే అన్నట్టే ఉంటుంది. అవునేమో కాదులా, కాదేమో ఓకేలా వినిపించే భాషలో నేను అడిగినవన్నీ అవును-కాదు ప్రశ్నలే. బల్గేరియా, గ్రీసు పక్కపక్క దేశాలు, మధ్యలో ఉన్నది ఒక సరిహద్దు గీత, అది దాటగానే ‘నె’ తలకిందులైపోతుంది. పోనీ తల ఊపడం చూసి పోల్చుకుందామా అంటే బల్గేరియాలో చాలామంది అవునంటే అడ్డంగా, కాదంటే నిలువుగా ఊపుతారు. కొందరు బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మనకోసమని మార్చి ఊపుతారు, అదింకా టెన్షన్, ఇప్పుడు ఊపింది ఏ లెక్కనో తెలీదు. గ్రీకువాళ్ళు తల కొంచెం పైకెగరేసి ‘ప్చ్’ లాంటి చప్పుడు చేస్తే కాదని. అది మాత్రం నాకు తేలిగ్గానే అర్థమైంది, మన ‘ప్చ్’ కూడా దానికి మరీ దూరం కాదు కదా.

ఆ మెయిల్ దెబ్బకి సిగ్గేసి ఈ అక్షరం వెంట పడ్డాను. తేలిందేమిటంటే బల్గేరియన్ ‘నె’ మనకి బొత్తిగా పరాయిది కాదు. సంస్కృతంలో లేదు అని చెప్పే ‘న’, అదీ ఒకే మూలం నుంచి వచ్చాయి. నాస్తి అంటే న + అస్తి. ‘న భూతో న భవిష్యతి’ అని మనం ఊరికే వాడేస్తుంటామే, అందులో రెండుసార్లు ఉన్నది అదే. ఇంగ్లీషు ‘నో’ కూడా ఆ వంశంలోదే. గ్రీకు ‘నె’ కథ వేరు. పాత గ్రీకులో అది ‘నై’ అని పలికేవాళ్ళు, రాతలో ఇప్పటికీ ఆ రెండు అచ్చులూ అలాగే ఉన్నాయి, పలుకు మాత్రం అరిగి ‘నె’ దగ్గర ఆగింది.

అన్నిటికంటే నాకు నచ్చింది టర్కిష్. అందులో ‘నె’ అంటే ఏమిటి. అదే ‘నె’ రెండుసార్లు వాడితే ఇదీ కాదు అదీ కాదు అని. మొదటిది వాళ్ళ సొంత మాట, రెండోది పర్షియన్ నుంచి తెచ్చుకున్నది, అంటే మన ‘న భూతో న’కి దూరపు చుట్టం. ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు, ఒకరు ఆ ఇంటివాళ్ళు, ఇంకొకరు వలస వచ్చినవాళ్ళు.

ఇలా ఢీకొట్టుకోవడంలో వింతేమీ లేదు. రోజూ వాడే మాటలు పొట్టిగా ఉంటాయి, దీన్ని జిఫ్ అనే ఆయన 1930లలోనే లెక్కలు కట్టి చూపించాడు. 20 హల్లులు, 5 అచ్చులు ఉన్న భాషలో ఒక హల్లుకి ఒక అచ్చు చేర్చి చేయగలిగే శబ్దాలు 100. లోకంలో భాషలు 7,000 పైనే. అందరికీ అవును, కాదు, నేను, నువ్వు, ఏమిటి లాంటివి కావాలి, అందరూ ఆ కాసిని శబ్దాల్లోంచే ఏరుకోవాలి, అందులోనూ ‘న’ దాదాపు ప్రతి భాషలో ఉండే హల్లు. ఒకటి ఒప్పుకోవాలి, నేను అన్నిటికీ ‘నె’, ‘నే’ అని రాస్తున్నాను గానీ అన్నీ అచ్చంగా ఒకేలా పలకవు, కొన్నిట్లో నోరు ఎక్కువ తెరుస్తారు, కొన్నిట్లో తక్కువ.

ఇక గుర్తుపెట్టుకోవడం సంగతి. మొదట్లో నేనొక నోట్‌బుక్‌లో ‘నె = అవును’, ‘నె = కాదు’ అని భాషల పేర్లతో పట్టిక రాసుకున్నాను. అది పనికిరాదని తెలిసింది ఆ గ్రీకు ఆవిడ అడిగిన ఒక ప్రశ్న వల్ల. ‘మీ భాషలో నో ఏంటి?’ అంది. నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసేశాను. ఇది పుస్తకమా అంటే కాదు. పుస్తకం ఉందా అంటే లేదు. పుస్తకం కావాలా అంటే వద్దు. ఏది చెప్పను? ఇంత కాలం ‘= కాదు’ అని రాసుకున్న చోటల్లా నేను మూడింటిని ఒక దాంట్లో కుక్కేశానన్నమాట. తర్వాత హంగేరియన్ చూస్తే ఆశ్చర్యపోయాను, వాళ్ళకీ మనలాగే మూడున్నాయి. ‘నెమ్’ అంటే కాదు, ‘నించ్’ అంటే లేదు, ‘నె’ అంటే వద్దు. ‘నె’ పక్కన క్రియ పెడితే వెళ్ళకు, చెయ్యకు అని చెప్పినట్టు. హంగేరియన్ ‘నె’ని ఇంగ్లీషువాడికి వివరించడానికి ఒక పేజీ పడుతుంది, మనకైతే ‘వద్దు’ అన్న ఒక్క మాట చాలు.

ఫ్రెంచ్‌లోనూ ‘న’ లాంటి ఒక పొట్టి మాట ఉంది, కాదు అని చెప్పడానికే. కాలేజీలో రెండో భాషగా చదివాను, అది రాయకపోతే మార్కులు కోసేవారు. తీరా ఫ్రెంచివాళ్ళ మాటలు వింటే అది దాదాపు ఎక్కడా వినపడదు, వెనకాల ఉండే ‘పా’ ఒక్కటే పని నడిపిస్తుంది. ఆ ‘పా’కి అసలు అర్థం అడుగు. ‘ఒక్క అడుగు కూడా వెయ్యను’ అని మనం ఒత్తి చెప్పినట్టే వాళ్ళూ మొదట్లో ఒత్తి చెప్పడానికి తెచ్చిపెట్టుకున్నారు. చుక్క, రొట్టె తునక లాంటి మాటలు కూడా అప్పట్లో అలాగే వాడేవారు. చివరికి అడుగే నిలబడి, అసలు ‘కాదు’ పలచబడిపోయింది. యెస్పర్సన్ అనే డెన్మార్క్ పండితుడు 1917లో ఇదంతా రాశాడు. ఇది తెలిశాక నా కోసిన మార్కుల మీద కొత్తగా కోపం వచ్చింది.

కొరియన్ ‘నే’ దగ్గర కొంచెం ఆగాలి. దాని అర్థం అవును అని యాప్‌లన్నీ నేర్పుతాయి. ఆన్‌లైన్ క్లాసులో మా టీచర్ నేను ఏం చెప్పినా ‘నే, నే’ అనేది, నా వాక్యం కరెక్టే అనుకుని మురిసిపోయేవాణ్ణి, ఆఖర్న అంతా తప్పని చెప్పేది. ఆ ‘నే’ మన ఊఁ కొట్టడం. వింటున్నానని అర్థమే గానీ ఒప్పుకున్నానని కాదు. ‘వాళ్ళు రాలేదా?’ అని అడిగితే ‘నే’ అంటే, అవును, రాలేదు అని. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు, మనం పడక్కర్లేదు, మనమూ ‘ఊఁ, రాలేదు’ అంటాం. ఇంతటితో అయిపోలేదు. ఈమధ్య కొరియన్లు పలికే తీరులో అది చాలామందికి ‘దే’ అని వినిపిస్తుంది. కొరియన్‌లో ‘నా’ అనే అర్థం వచ్చే మాట కూడా ‘నే’ లాగే ఉంటుంది, ‘నీ’ అనే అర్థం వచ్చేదీ అంతే. నాదో నీదో తేలక గొడవగా ఉంటుందని నీ అనడానికి మాటల్లో ‘ని’ అంటున్నారు. అవును, అచ్చం మన ‘నీ’ లాగే. దీన్ని పట్టుకుని తెలుగూ కొరియనూ అక్కచెల్లెళ్ళని తేల్చేసేవాళ్ళున్నారు, నమ్మకండి. చుట్టరికం తేలాలంటే వందల మాటల్లో ఈ శబ్దానికి ఆ శబ్దం అని ఒక వరస దొరకాలి, ఒక్క అక్షరం కలవడం లెక్కలోకి రాదు.

జపనీస్‌లో వాక్యం చివర ‘నె’ పెడితే మన ‘కదా’. బ్రెజిల్‌లో పోర్చుగీస్ మాట్లాడేవాళ్ళు కూడా చివర ‘నె’ అంటారు, అదీ ‘కదా’నే! కానీ అది ‘కాదా?’ అనే అర్థం వచ్చే రెండు పోర్చుగీస్ మాటలు కుదించగా వచ్చింది, జపాన్‌తో సంబంధం లేదు. ఫిన్నిష్‌లో ‘నె’ అంటే అవి, అంతే.

కాబట్టి ఇప్పుడు పట్టిక తీసేసి, ఒక్కో భాషకి ఒక చిన్న సంభాషణ రాసుకుంటున్నాను, ఎవరు ఏం అడిగారు, ఎవరు ‘నె’ అన్నారు, ఆ తర్వాత ఏం జరిగింది అని. అలాగైతే మర్చిపోను. గ్రీకుదానికి రాసుకోవలసిన పని కూడా లేకపోయింది.

మొన్న కాల్ మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. మ్యూట్ నొక్కడం మర్చిపోయి, ‘నే చెప్పాగా అమ్మా, నే ఇప్పుడు రాలేను, నే తర్వాత చేస్తాలే’ అని పెట్టేశాను. అటు గ్రీకు ఆవిడ ముసిముసిగా నవ్వుతూ అడిగింది, ‘మూడుసార్లు అవునన్నావు, దేనికి ఒప్పుకున్నావేంటి?’