యస్ అని రాస్తే ఓకే ఎందుకొస్తోంది?

ప్రశ్న: ఆండ్రాయిడ్‌లో పద్దులు రాసుకునే చిన్న యాప్ చేస్తున్నాను. పద్దు తీసేసే ముందు అడిగే డైలాగ్‌లో బటన్లకు సిస్టమ్‌లో ఉన్న యస్, నో స్ట్రింగ్‌లే (ముందే రాసిపెట్టిన మాటలే) పెట్టాను. స్క్రీన్ మీద ఓకే, క్యాన్సిల్ అని వస్తున్నాయి. ఫోన్‌ను తెలుగులోకి మారిస్తే బటన్లు తెలుగులో, ప్రశ్న ఇంగ్లీషులో! ఎక్కడ తేడా కొట్టింది?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ కోడ్ సరిగ్గానే ఉంది. ‘ఆండ్రాయిడ్ డాట్ ఆర్ డాట్ స్ట్రింగ్’ కింద యస్ అనే పేరుతో దాచిన మాటే ఓకే, నో పేరుతో దాచినది క్యాన్సిల్. అందుకే ఆ రెంటి జోలికి పోవద్దు. ఉత్త సమాచారం చెప్పే డైలాగ్‌కు అదే చోట ఉన్న ఓకే వాడండి. బటన్ పెట్టే సెట్ పాజిటివ్ బటన్‌కు ఆ మాట ఐడీని (గుర్తింపు సంఖ్యను) నేరుగా ఇస్తే చాలు, ఐడీని మాటగా మార్చే గెట్ స్ట్రింగ్ అక్కర్లేదు. స్క్రీన్ అమరిక రాసే ఎక్స్ఎంఎల్‌లో అయితే ‘ఎట్ ఆండ్రాయిడ్’, కోలన్, ‘స్ట్రింగ్’, స్లాష్, ‘ఓకే’.

తీసేయడం లాంటి పనికి మాత్రం సొంత మాటలే రాయాలి: ‘తీసేయి’, ‘ఉంచు’. రేపు మీ యాప్‌లో ‘ఈ చెల్లింపు రద్దు చేయాలా?’ అని అడిగి కింద క్యాన్సిల్ బటన్ పెట్టారనుకోండి, అది నొక్కితే చెల్లింపు పోతుందో డైలాగ్ పోతుందో వాడేవాళ్లకు తెలియదు. డబ్బు లెక్కల్లో ఆ అయోమయం అస్సలు పనికిరాదు.

భాషల కలగాపులగానికి కారణం వేరు. సిస్టమ్ మాటలు మీ ఏపీకేలో (యాప్ ఫైల్లో) ఉండవు, ఫోన్‌లో ఉంటాయి. తెలుగు ఫోన్‌లో ఓకే ‘సరే’ అయిపోతుంది. మీ ప్రశ్నకు తెలుగు లేదు కాబట్టి యాప్ మాటలుండే వాల్యూస్ ఫోల్డర్‌లోని ఇంగ్లీషే వస్తుంది. యాప్‌ను బిల్డ్ చేసే గ్రేడిల్‌లో అక్కర్లేని భాషలు కత్తిరించినా ఇది ఆగదు, ఆ కత్తిరింపు ఏపీకే వరకే. వాల్యూస్-టీఈ ఫోల్డర్ పెట్టి తెలుగు రాయండి. తెలుగు ఇచ్చే ఉద్దేశం లేకపోతే బటన్ల మాటలు కూడా మీ ఫైల్లోనే పెట్టుకోండి. తెలుగు మాట పొడుగెక్కుతుంది, బటన్ వెడల్పు ర్యాప్ కంటెంట్‌గా (మాట ఎంతుంటే అంత) వదలండి.

ప్రశ్న: సిస్టమ్‌లో ఉన్న మరో మాట వాడబోతే ‘ప్రైవేట్’ అని బిల్డ్ ఆగిపోతోంది. ‘ఆండ్రాయిడ్’ ముందు నక్షత్రం గుర్తు పెడితే నడుస్తుందంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. యాప్‌లు వాడుకోవచ్చని ఆండ్రాయిడ్ ప్రకటించిన పబ్లిక్ జాబితాలో ఉన్నవాటికే ఐడీ మారదన్న హామీ. ప్రైవేట్ ఐడీ వెర్షన్ మారితే మరో మాటను చూపించొచ్చు. గెట్ ఐడెంటిఫయర్‌తో పేరు పెట్టి ఐడీ వెతికినా అంతే: ఆ పేరు లేని ఫోన్‌లో సున్నా వస్తుంది, దాన్ని గెట్ స్ట్రింగ్‌కు ఇస్తే యాప్ క్రాష్. ఆ ఒక్క మాటా మీ ఫైల్లో రాసుకోండి.