ఇథనాల్ ప్లాంటులో వాటా: రిటైర్మెంటు సొమ్ము పెట్టవచ్చా?

ప్రశ్న: తణుకు దగ్గర పల్లెలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. రిటైర్మెంటు సొమ్ము 20 లక్షలు బ్యాంకులో ఉంది. మా వియ్యంకుడు గారు నలుగురితో కలిసి మొక్కజొన్న, నూకలతో నడిచే ఇథనాల్ ప్లాంటు పెడుతున్నారు. నన్ను 15 లక్షలు వాటా పెట్టమంటున్నారు. సరుకంతా ప్రభుత్వమే కొంటుంది కనుక నష్టం రాదని ఆయన మాట. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దనే నా సలహా.

వియ్యంకుడు గారి మాటలో కొంత నిజం లేకపోలేదు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2025లో నెరవేరింది, ఆ సరుకును కొనేది ప్రభుత్వ రంగ చమురు కంపెనీలే. అయితే లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ కనుక, చమురు కంపెనీలు కొనే ధరకు వాహనదారుడు కోరి కొనుక్కునే ఇంధనం కాదది. గిరాకీ అంతా ప్రభుత్వ నిర్ణయం మీదే నిలబడి ఉంది. 2025-26కు చమురు కంపెనీలు 1,050 కోట్ల లీటర్లు అడిగితే, ప్లాంట్లు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకొచ్చాయి. కొత్త ప్లాంటు ఇంత పోటీలో ఆర్డరు తెచ్చుకోవాలి.

ఇక లెక్క చూడండి. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. క్వింటాలు 2,400 రూపాయల 2025-26 మద్దతు ధరకు కొన్నారనుకుంటే, లీటరుకు గింజ ఖర్చే 63 రూపాయలు దాటుతుంది. చమురు కంపెనీలు ఇచ్చేది 71.86. మిగిలే ఎనిమిది రూపాయల చిల్లరకు, డీడీజీఎస్ అనే పిప్పిని దాణా మిల్లులకు అమ్మగా వచ్చినది కలుపుకుని, బొగ్గు, ఎంజైములు, కరెంటు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ గడవాలి. గింజ ధర పడిపోయిన ఏడాది లాభం బాగానే కనిపిస్తుంది. కాని క్వింటాలుకు వంద పెరిగితే లీటరుకు రెండున్నర రూపాయలకు పైగా పోతుంది, కోళ్ల దాణా వాళ్లు అదే గింజకు పోటీకి వస్తారు, అమ్మకం ధర పెంచుకునే వీలు మాత్రం ప్లాంటుకు ఉండదు. బియ్యం సంగతీ అంతే: 2023 జులైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) సరఫరా ఉన్నట్టుండి ఆగిపోయి, దాన్ని నమ్ముకున్న ప్లాంట్లు ఇబ్బంది పడ్డాయి.

పైగా ఇది స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ. రేపు ఆసుపత్రి అవసరం వచ్చి వాటా అమ్ముదామన్నా కొనేవారు దొరకరు.

17 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో వేస్తే, 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకొకసారి 34,850 రూపాయలు వస్తాయి. రెండు లక్షలు వైద్యం కోసం బ్యాంకులో ఉంచండి. వియ్యాలవారితో మాట పట్టింపు రాకూడదనుకుంటే మిగిలిన లక్ష, తిరిగి రాకపోయినా ఫరవాలేదనుకునే ఇవ్వండి. బ్యాంకు అప్పుకు జామీను సంతకం గాని, పొలం పాసుపుస్తకం గాని అడిగితే మాత్రం మొహమాటపడకుండా కుదరదనండి: వాటా పోతే ఆ లక్షే పోతుంది, జామీను పెడితే కంపెనీ అప్పుకు మీరూ బాధ్యులవుతారు.