ఆరు నిమిషాల పాఠానికి ముందు

స్రవంతీ,

మైక్రో టీచింగ్‌కి, అదే తోటి బీఎడ్ వాళ్లనే పిల్లలుగా కూర్చోబెట్టి ఆరు నిమిషాల చిన్న పాఠం చెప్పే సాధనకి, ప్లాన్ కుదరక రాత్రుళ్లు మేలుకొని ఉంటున్నావట, అమ్మ చెప్పింది. మనింట్లో ఇంగ్లీషు టీచర్ కాబోతున్నది నువ్వే అని ఎంత సంతోషమో, నిద్ర మానేస్తున్నావంటే అంత బెంగ. మన దగ్గర ఈ సాధన మొత్తం 36 నిమిషాలు: 6 చెప్పడానికి, 6 లోపాలు వినడానికి, 12 ప్లాన్ తిరగరాయడానికి, 6 మళ్లీ చెప్పడానికి, 6 మళ్లీ వినడానికి. మొదటిసారి తప్పులు దొర్లుతాయని తెలిసే ఆ 12 పెట్టారు బిడ్డా.

నీ ప్లాన్ చూశాను. ‘యూజ్డ్ టు’, అంటే ఒకప్పుడు చేసేవాళ్లం, ఇప్పుడు లేదు అని చెప్పడం, మంచి అంశం. కానీ మామూలు వాక్యం, ‘నాట్’ వాక్యం, ప్రశ్న మూడూ కుక్కావు. చివరి రెండూ కొట్టెయ్. కాగితం పైన ఒక్క వాక్యం రాసుకో: పాఠం అయ్యేసరికి ప్రతి పిల్లా తను ఒకప్పుడు చేసి ఇప్పుడు మానేసిన పని ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. దానికి పనికిరానిదేదీ ప్లాన్‌లో ఉండకూడదు.

మొదటి నిమిషం సందర్భానికి. ‘పీపుల్ యూజ్డ్ టు ఫ్లై ఫ్రమ్ బేగంపేట’ అను. 2008లో విమానాలు శంషాబాద్‌కి మారాయని పిల్లలకు చెబితే చాలు. డబుల్ డెక్కర్ బస్సుల ఉదాహరణ వద్దు, 2023లో అవి మళ్లీ రోడ్డెక్కాయి, పిల్లలు తికమకపడతారు.

ఇక నన్ను కలవరపెట్టేది రెండో నిమిషం. అక్కడ ‘అండర్‌స్టాండ్?’ అని రాశావు. శిక్షణలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పే ఇది. అలా అడిగితే క్లాసంతా ‘ఎస్ మేడమ్’ అంటుంది, అర్థంకాని పిల్ల అందరికంటే గట్టిగా అంటుంది. ఆ కేక నమ్మి నువ్వు ముందుకెళ్తావు. నాలుగో నిమిషంలో ఆ పిల్లే లేచి ‘ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ సిక్స్’ అంటుంది, ఇప్పుడూ రోజూ ఆరింటికే లేస్తున్నానని ఆమె ఉద్దేశం. మన ఊళ్లో పెద్దవాళ్లూ ఇలాగే వాడతారు కాబట్టి చెవికి తప్పనిపించదు, నువ్వూ వదిలేస్తావు. అందుకే అర్థమైందా అని అడగొద్దు, అర్థాన్నే అడుగు. ఇప్పుడు వాళ్లు బేగంపేట నుంచి వెళ్తున్నారా? లేదు. ఒకప్పుడు వెళ్లేవాళ్లా? అవును. ఒక్కసారేనా, చాలాసార్లా? చాలాసార్లు. ఈ మూడు ప్రశ్నలూ ఇంగ్లీషులో, జవాబులతో సహా, ప్లాన్‌లో రాసుకో. అప్పటికప్పుడు తట్టవు. బోర్డు మీద ఒక గీత గీసి, ‘నౌ’ దగ్గర నిలువు గీత పెట్టి, దానికి ఎడమవైపు మాత్రమే నాలుగైదు ఇంటూలు వెయ్యి.

బోర్డు మీద వాక్యానికి అర నిమిషం. ‘యూస్టు’ అని కలిపి పలికించు, మధ్యలో ‘డ్’ వినిపించకూడదు. తర్వాత మూడు నిమిషాలు పిల్లలవి. జంటలుగా మాట్లాడనివ్వు, నువ్వు మధ్యలో తిరుగుతూ విను, తప్పులు కాగితం మీద రాసుకో. మిగిలిన అర నిమిషంలో వాటిలో ఒక్కటి బోర్డు మీద పెట్టి వాళ్లచేతే దిద్దించు. జంటలు మాట మొదలుపెట్టడానికి తడబడుతుంటే ఆ నిశ్శబ్దం భరించలేక నువ్వు అందుకుంటావేమోనని నా భయం. అందుకోకు తల్లీ.

పిల్లలుగా కూర్చునేది నీ తోటి బీఎడ్ వాళ్లే కదా, అన్నీ సరిగ్గానే చెప్పేస్తారు. ఇద్దరికి ముందే చెప్పి కావాలని తప్పు చెప్పించు, లేకపోతే దిద్దడం నీకు అలవాటు కాదు.

ఇంట్లో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఒకసారి గట్టిగా చెప్పి చూసుకో. తిరగరాసిన ప్లాన్ ఫొటో వాట్సాప్‌లో పంపు. పదింటిలోపు పంపితే ఆ రాత్రే చూస్తాను, ఆ తర్వాతయితే పడుకో.

మీ పెద్దమ్మ